చింకిపాతల క్రియ

మంగళవారం సాయంత్రాలు
డ్యూస్‌బరీ లైబ్రరీ మేడ మీద
కొత్తగా వచ్చినవాళ్లకి ఇంగ్లీషు చెబుతాను.
హీటరు ఒక పక్కే పనిచేస్తుంది,
అందరూ అటే సర్దుకుంటారు.

ఆ వారం మాట స్క్రూటినైజ్.
బోర్డు మీద రాసి కింద గీత గీసి
"దగ్గరగా, ఓపిగ్గా, పోగు వదలకుండా చూడటం" అన్నాను.
తలా ఒక వాక్యం రాయమన్నాను.

బోగుమీల్ రాశాడు:
నేను మా ఆవిడ ముఖాన్ని ప్రేమతో స్క్రూటినైజ్ చేస్తాను.
వ్యాకరణం శుభ్రంగా ఉంది.
అయినా తప్పే.
ఎందుకు తప్పో చెప్పేసరికి
సుద్దముక్క సగం అరిగింది.
ఈ క్రియకి ప్రేమ పడదు బాబూ,
ఇది జమాఖర్చుల్ని చూస్తుంది, ఓట్ల కట్టల్ని చూస్తుంది,
సంతకంలో వంకరని చూస్తుంది.
చూసేవాడు కుర్చీలో ఉంటాడు,
చూడబడేది బల్ల మీద పడి ఉంటుంది.

జులేఖా చెయ్యెత్తకుండానే అడిగింది:
"ఎయిర్‌పోర్టులో ఫొటోని, నన్ను,
మళ్లీ ఫొటోని... అదేనా?"
అదే.
"అయితే ఇది నాకు ముందే వచ్చు.
స్పెల్లింగే రాదు."

ఇంటికెళ్లి నిఘంటువు తీశాను,
రొట్టెల పీట మీద పెట్టి విప్పాల్సినంత బరువు.
క్రియ కింద, చీమకాళ్లంత అక్షరాల్లో, దాని పుట్టుక:
లాటిన్. స్క్రూటా.
అంటే పాత గుడ్డలు. చింకిపాతలు. చెత్త.

టీ చల్లారిపోయింది.

మా అమ్మ ఎడీ ఓల్డ్‌రాయిడ్
ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఊరి మిల్లులో గుడ్డలు ఏరింది.
ఎవరెవరో విడిచిన కోట్లు, చనిపోయిన సిపాయిల లాగూలు
మూటలు మూటలుగా రైలు దిగేవి.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క రుద్దు,
ఉన్ని ఇటు, నూలు అటు.
గుండీలు తెంపి డబ్బాలోకి.
కుట్లు విప్పితే అప్పుడప్పుడు నాణెం.
ఒకసారి కాగితంలో చుట్టిన పాలపన్ను,
ఏ కుప్పలో వేయాలో తోచక
జేబులో వేసుకుని ఇంటికి తెచ్చింది.

ఆ గుడ్డల్ని చీల్చి, వడికి, మళ్లీ నేసిన బట్ట పేరు షాడీ.
పోనుపోను ఆ పేరు తిట్టయింది.
నాసిరకం పని దేన్నైనా షాడీ అంటారు, లండన్‌లో కూడా.

స్కూలు నుంచి నా రిపోర్టు వస్తే
ముందు కాగితాన్ని రుద్ది చూసేది.
"సరుకు మంచిదే" అనేది.
తర్వాతే మార్కులు.
మీ అమ్మ ఏం చేస్తుందని స్నేహితులడిగితే
బట్టల వ్యాపారం అని చెప్పేదాన్ని.

మరుసటి మంగళవారం ఇదంతా క్లాసులో చెప్పాను,
ఆ చివరి రెండు వాక్యాలు తప్ప.
జులేఖా లేచింది.
ఆమె పగలంతా పాతబట్టల ఫ్యాక్టరీలో బెల్టు దగ్గర నిలబడుతుందని
రిజిస్టరులో ఉంది, నేనే చదవలేదు.
బోగుమీల్ కోటు అంచు పట్టుకుని ఒక్క రుద్దు రుద్దింది.
"ఉన్ని ముప్పై పాళ్లు. మిగతాది ప్లాస్టిక్. ఎంతకి కొన్నావు?"
అతను చెప్పాడు.
ఆమె నాలుక చప్పరించింది.
హీటరు పని చేయని వైపు కూడా నవ్వింది.

నవ్వు ఆగాక బోగుమీల్ అడిగాడు,
"మరి నా వాక్యం?"
వచ్చే వారం చూద్దాం అన్నాను.

అమ్మకి చివర్లో చూపు పోయింది.
ఆస్పత్రిలో ముందు దుప్పటి అంచు తడిమి
"సగానికి సగం కల్తీ, వీళ్లని మోసం చేశారు" అని నర్సుకి చెప్పింది.
తర్వాత నా చెయ్యి దొరికింది, భుజం దొరికింది,
చెంప దొరికింది.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
మెల్లగా, ఏ తొందరా లేకుండా,
ఒక్కసారి రుద్దింది.

ఏ కుప్పో చెప్పలేదు.